నోరొచ్చిన పార్కు

బుడమేరు రెండోసారి బెజవాడ మీద పడిన తరవాత మూడో ఏడు అది. మొదటిసారి మునిగినప్పుడు జనం బుడమేరుని తిట్టారు. రెండోసారి ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. మిల్లు కాలనీలో ఆ రెండోసారి మనుషులు మేడలెక్కి బతికారు గానీ, కార్లు మెట్లెక్కలేక మునిగిపోయాయి. నీళ్లు తీసిన మర్నాడే, "కార్లకి కూడా ఒక మేడ ఉండాలి" అన్నారెవరో. ఆ మాట మూడేళ్లలో పెరిగి పెద్దదై, కాగితమై వచ్చి, ఒక సోమవారం పొద్దున పార్కు గేటుకి అతుక్కుంది.

పార్కు మాలి నాంచారయ్య ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. నాంచారయ్య ఏమీ అనకపోవడం కాలనీలో వార్త కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆ పార్కులో తవ్వుతున్నాడు, ఊడుస్తున్నాడు, నీళ్లు పోస్తున్నాడు. ఆ ముప్ఫై ఏళ్లలో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు. ఆయనకి 'బెల్లం కొట్టిన రాయి' అని పేరు పెట్టింది ఆయన పెళ్లామే.

కాగితాన్ని పైకి చదివింది పిచ్చేశ్వరరావు మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరై, నడక సంఘానికి అధ్యక్షుడై, రోజూ పార్కు చుట్టూ తొమ్మిది రౌండ్లు తిరుగుతానని చెప్పుకునే మనిషి.

"'రోజుకు మూడు వందల ప్రాణములకైనను ఆసరా ఈయని పల్లపు నేల కార్ల మేడకు తీసుకొనబడును. నేటికి అరవయ్యవ దినమున అధికారి వచ్చి విచారించును.' విన్నావా నాంచారయ్యా? మనుషులనలేదు, ప్రాణములన్నాడు. అంటే కాకి కూడా లెక్కలోకే."

"ఊఁ" అన్నాడు నాంచారయ్య.

"ఊఁ అంటే సరిపోతుందా? లెక్క ఎవడు తీస్తాడు? కాకి వచ్చి సంతకం పెడుతుందా?"

దానికి జవాబు పార్కు ఎదురింటి మేడ మీద ఉంది. అక్కడ ఇందుమతి అనే ఆవిడ ఒక్క గదిని ల్యాబు చేసుకుని పుట్టగొడుగుల మీద పరిశోధన చేస్తుంది. కాలనీ వాళ్లు 'పుట్టగొడుగుల డాక్టరమ్మ' అంటారు. రెండో వరదలో వాళ్ల వెనక వీధిలో ఒక ముసలావిడ మెట్ల కింద మూడు రోజులు పడి ఉంది. పార్కు పల్లం కాబట్టి నీళ్లన్నీ అది తాగేసి, ఆ వీధిలో మోకాటిలోతుతో ఆపింది. అందుకే ఆవిడ బతికింది. కానీ మూడు రోజుల పాటు ఆవిడ కనపడటం లేదని ఒక్కరికీ తోచలేదు. "ఎవరున్నారో రాసిపెట్టడానికి వంద కాగితాలున్నాయండీ. ఎవరు రాలేదో చెప్పేది ఒక్కటీ లేదు" అనేది ఇందుమతి. అప్పటినుంచీ ఆవిడ ఒక పుట్టగొడుగు తీగని పెంచుతోంది.

చూడటానికి సేమ్యాలా ఉంటుందా తీగ. మట్టిలో వేస్తే బూజులాగా పాకుతుంది. పైన కాలు పడితే ఒణుకుతుంది. మనిషి కాలైతే ఒక ఒణుకు, ముంగిస కాలైతే ఒక ఒణుకు, మోకాళ్ల నొప్పులున్న మనిషికి వేరే ఒణుకు. పిట్ట వాలినా తెలుస్తుంది. ఆ ఒణుకులన్నీ పప్పుల డబ్బా అంత ఉన్న ఒక డబ్బాలోకి చేరతాయి. డబ్బా నోటితో చెబుతుంది.

తవుడు కలిపిన బకెట్లో ఆ తీగ విత్తనం తెచ్చి ఇచ్చింది ఇందుమతి. నాంచారయ్య నాలుగు మూలలా తవ్వి పాతిపెట్టాడు. పన్నెండు రోజులకి పార్కంతా పాకింది. డబ్బాని కానుగ చెట్టుకి కట్టారు.

"ఇంక దీనికి మాట నేర్పాలి నాంచారయ్యగారూ" అంది ఇందుమతి. "వారం రోజులు పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ల గురించి నాలుగు ముక్కలు చెప్పండి చాలు. పక్కన ఎవరుంటే వాళ్ల తీరు పట్టుకుంటుంది."

నాంచారయ్య రెండు రోజులు కూర్చున్నాడు. మొదటి రోజు "కాకి" అన్నాడు. రెండో రోజు "మాస్టారు" అన్నాడు. మూడో రోజు క్యారేజీ తీసుకుని ఆయన పెళ్లాం సీతారావమ్మ వచ్చింది.

"ఇదేంటయ్యా, చెట్టుకి పప్పుల డబ్బా కట్టావు?"

"మాటలు నేర్పాలి."

"ఎవరు? నువ్వా?" సీతారావమ్మకి నవ్వాగలేదు. క్యారేజీ కింద పెట్టి మరీ నవ్వింది. "ఈత రానోడు చేపకి పాఠం చెప్పినట్టుంది. లే, లే. ఆ మొక్కల పని చూసుకోపో. దీని సంగతి నాకొదిలెయ్."

నాంచారయ్య బతుకుజీవుడా అని లేచి పోయాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే.

సీతారావమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఒడిలో చిక్కుడుకాయలు పోసుకుని, ఈనెలు తీస్తూ, అయిదు రోజులు డబ్బాకి కాలనీ అంతా వడ్డించింది. ఎవరు ఎవరో, ఎవరి కోడలు ఎటువంటిదో, ఎవరి ఫ్రిజ్జులో ఏముందో. ఇందుమతి రోజూ వచ్చి డబ్బా వెనక చిన్న దీపం చూసుకునేది. అది పచ్చగా వెలుగుతోంది.

"ఇంత తొందరగా నేర్చుకోవడం నేనెప్పుడూ చూళ్లేదండీ!" అని మురిసిపోయింది. అది ఏం నేర్చుకుంటోందో ఎవరూ అడగలేదు.

మొదటి హాజరు ఆదివారం సాయంత్రం ఆరింటికి. అందరి ఎదుటా పైకి చదవాలని కాగితంలోనే ఉంది, దొంగలెక్కలు లేకుండా. కాలనీ అంతా వచ్చింది. గేటు బయట పునుగుల బండి ఖాజా కూడా మూకుడు కింద మంట తగ్గించి వచ్చాడు. డబ్బా గొంతు సవరించుకుంది. అచ్చం సీతారావమ్మ సవరించుకున్నట్టే.

"ఏమ్మోయ్, వింటున్నారా? ఇయ్యాల మన పార్కుకొచ్చినోళ్లు నాలుగొందల పన్నెండు. కాకులతో కలిపి."

అందరూ చప్పట్లు కొట్టారు. పార్కు దక్కినట్టే అనుకున్నారు. సీతారావమ్మ పక్కావిడని పొడిచి, "నా గొంతే! ఎంత బాగుందో చూడు!" అంది. డబ్బా అక్కడితో ఆగుంటే ఎంతో బావుండేది.

"ఇంక మన మాస్టారి సంగతి. తొమ్మిది రౌండ్లంటారు గదా? రెండే. మూడో రౌండు సగంలో గేటు దాటారు. ఖాజా బండి కాడ పావుగంట. పోయేటప్పుడు డెబ్బై రెండు కిలోలు, వచ్చేటప్పుడు డెబ్బై రెండుంబావు. ఆ పావు ఏంటో మీరే ఆలోచించుకోండి. నా నోటితో ఎందుకు చెప్పటం."

తీగ గేటు కింద నుంచి పునుగుల బండి దాకా పాకిన సంగతి అప్పటిదాకా ఇందుమతికి కూడా తెలీదు.

మాస్టారి భార్య కామేశ్వరమ్మ నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. "ఓహో. చేదు మందులు నేను నూరుతుంటే సుగరు ఎందుకు దిగట్లేదా అనుకుంటున్నా."

"అబద్ధం! యంత్రం చెడిపోయింది!" అన్నాడు మాస్టారు.

"బాకీ లేదండీ మాస్టారు, ఎప్పటికప్పుడు ఇచ్చేస్తారు" అన్నాడు ఖాజా, సాయం చేద్దామనుకుని.

జనం విరగబడి నవ్వారు. మర్నాడు డబ్బా భ్రమరాంబగారి వంతు అందుకుంది. ఆవిడ గుడికని చెప్పి వస్తుంది. కోడలు టైలరు దగ్గరికని చెప్పి వస్తుంది. గోరింటాకు కంచెకి ఇటో బెంచీ మీద ఒకరు, అటో బెంచీ మీద ఒకరు. "ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూళ్లేక ఇక్కడికొచ్చి, వీపుకి వీపు ఆనించుకుని గంటసేపు కూర్చున్నారు తల్లీ. ఇద్దరి నిట్టూర్పూ ఒకటే బరువు." ఆ మర్నాడు కుంటికుక్క వంతు. అది కొత్త కుక్కతో తిరుగుతోందట. కుక్క ఏమీ అనుకోలేదు.

మనుషులు అనుకున్నారు. పక్కవాడి వంతు వచ్చినంతకాలం పార్కు కిటకిటలాడింది. పది రోజులు తిరిగేసరికి ఎవరి వంతు వాళ్లకొచ్చింది. అప్పుడు లెక్క దిగడం మొదలుపెట్టింది. మూడొందల ఎనభై. మూడొందల పది. రెండొందల అరవై.

అసలు దెబ్బ పదకొండో రోజు తగిలింది.

మూడో బెంచీ మీద రోజూ కూర్చునే మనిషి ప్రభుదాసు. నల్లబూట్లు, టక్కు, భుజాన సంచీ, అందులో క్యారేజీ. పొద్దున తొమ్మిదికి వస్తాడు, సాయంత్రం అయిదింటికి పోతాడు. ఆఫీసులో పని ఊడింది. ఇంట్లో చెప్పలేదు. ఆ సంగతి నాంచారయ్యకి రెండో రోజే తెలిసింది. ఆయన అడగలేదు, అతను చెప్పలేదు. నాంచారయ్య చేసిందల్లా ఒకటే. నీళ్ల కుండని గేటు దగ్గర్నుంచి మూడో బెంచీ పక్కకి మార్చాడు. ఎండ తిరిగినప్పుడు బెంచీని నీడలోకి జరిపేవాడు. ఎవరైనా ఆ బెంచీ మీద కూర్చోబోతే, ఊడవాలన్నట్టు చీపురు తీసుకుని వచ్చేవాడు.

ఆ సాయంత్రం ప్రభుదాసు భార్య సునంద వచ్చింది, డబ్బా వింత చూద్దామని. ప్రభుదాసు అప్పటికే 'ఆఫీసు నుంచి' ఇంటికెళ్లి, ఆమె పోరు పడలేక ఆమెతో కలిసి మళ్లీ వచ్చాడు.

"ఇంకో సంగతి చెప్పటం మర్చిపోయా" అంది డబ్బా. "మూడో బెంచీ బాబు, అదే, నల్లబూట్ల ప్రభుదాసు. నేను పాకినకాణ్ణుంచీ చూస్తన్నా, ఒక్కరోజు తప్పలా. పొద్దున తొమ్మిదికొస్తాడు, అయిదింటికి పోతాడు. ఆఫీసు ఇక్కడే పెట్టాడు కామోసు. క్యారేజీలో సగం అన్నం చీమలకే పోస్తన్నాడు పాపం. ముద్ద దిగట్లేదేమో."

ఎవరూ నవ్వలేదు. సునంద మొగుడి మొహం చూడలేదు, బూట్ల వైపు చూసింది. ఆ బూట్లు పొద్దున ఆమే తుడిచింది. తరవాత ఇద్దరూ గేటు దాటి వెళ్లిపోయారు.

మర్నాడు మూడో బెంచీ ఖాళీ. దాంతోపాటు మిగతా బెంచీలూ ఖాళీ అయ్యాయి. రేపు ఏం బయటపెడుతుందోనని పిల్లల్ని కూడా పంపడం మానేశారు. మనుషులు రాకపోయేసరికి ఖాజా బండి వేరే వీధికి పోయింది. బండి పోయేసరికి పునుగు ముక్కలు లేవని కాకులు పోయాయి. అన్నం మెతుకులు లేవని చీమలు పోయాయి, చీమలు లేవని తొండలు పోయాయి. మనుషులొస్తే పిట్టలు బెదురుతాయంటారు గానీ, ఆ పార్కులో అందరూ ఒకే కంచంలో తింటున్నారని అప్పుడు తెలిసింది. లెక్క నూట నలభైకి వచ్చింది. అధికారి రావడానికి ఇరవై రోజుల పైచిలుకు ఉంది.

ఇంట్లో సీతారావమ్మ అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నేనేగా దానికి నేర్పింది. నోట్లోంచి పోయేటప్పుడు తెలీలేదయ్యా. ఇంకోళ్ల నోట్లోంచి వినేసరికి తెలిసింది. ఇన్నేళ్లూ నేను ఇట్టాగే ఉన్నానా?"

ఇట్టాగే ఉన్నావని అనడానికి నాంచారయ్యకి అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. ఆయన కూర గిన్నె ఆమె వైపు జరిపి, "తిను" అన్నాడు.

మర్నాడు మేడ మీది ల్యాబుకెళ్లాడు. సీసాలు, బకెట్లు, తవుడు వాసన. ఇందుమతి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎవరు రాలేదో చెప్పడానికి చేశానండీ నేను దాన్ని. అదే రాకుండా చేస్తోంది" అంది.

"కోసేస్తే?"

"చచ్చిపోతుంది. దాంతో లెక్కా పోతుంది, పార్కూ పోతుంది."

"నోరు మూయించొచ్చా?"

"మీట లేదు నాంచారయ్యగారూ. ప్రాణమున్నది కదా. మళ్లీ నేర్పాల్సిందే. ఒక కొత్త మనిషి ఏడు రోజులు పక్కన కూర్చుంటే పాతది మర్చిపోయి, ఈ మనిషి తీరు పట్టుకుంటుంది. కానీ ఎవర్ని కూర్చోబెట్టను? ఈ కాలనీలో గుట్టుగా ఉండే మనిషి..." అని ఆవిడ ఆగిపోయింది.

"కూర్చుంటా" అన్నాడు నాంచారయ్య.

కూర్చున్నాడు. కానుగ చెట్టు మొదట్లో తువ్వాలు పరుచుకుని, డబ్బా పక్కన. మొదటి రోజు డబ్బా ఆపకుండా వాగింది. "ఏవయ్యో, నిన్నేనయ్యా, భ్రమరాంబ ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసా?" నాంచారయ్య గడ్డి పీకాడు. "చెబుతుంటే వినవేంటయ్యా?" నాంచారయ్య బీడీ వెలిగించాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం చేసినవాడికి ఇది కొత్తేం కాదు. రెండో రోజు డబ్బా అలిగింది. మూడో రోజు బతిమాలింది. నాలుగో రోజు కానుగ పువ్వులు డబ్బా మీద రాలుతుంటే ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. అయిదో రోజు డబ్బా "కాకి" అంది.

"ఊఁ" అన్నాడు నాంచారయ్య.

ఏడో రోజు పొద్దువాలే దాకా డబ్బా ఏమీ అనలేదు. తరవాత చిన్నగా, ఆయనకి మాత్రమే వినపడేటట్టు అంది. గొంతు సీతారావమ్మదే. మాట ఆయనది.

"ప్రభుదాసు రాలేదు."

"ఊఁ."

"పదకొండు రోజులు."

"తెలుసు."

నాంచారయ్య తువ్వాలు దులుపుకుని లేచి, సరాసరి ప్రభుదాసు ఇంటికి వెళ్లాడు. తలుపు సునంద తీసింది. వెనక ప్రభుదాసు లుంగీతో, గడ్డంతో నిలబడ్డాడు. నాంచారయ్య లోపలికి వెళ్లలేదు.

"బెంచీ ఖాళీగా ఉంది" అని చెప్పి తిరిగొచ్చాడు.

ఆ రోజు నుంచి హాజరు ఇలా నడిచింది. ఆరింటికి డబ్బా ఒక అంకె చెబుతుంది. అంతే. ఎవరైనా "ఇంకా?" అంటే "ఏముంది" అంటుంది. కాలనీ చాటునుంచి రెండు రోజులు విని, మూడో రోజు నమ్మింది. అత్తా కోడళ్లు కంచెకి అటూ ఇటూ చేరారు. ఖాజా బండి తిరిగొచ్చింది. మాస్టారు మూడో రౌండు సగంలో ఎప్పటిలా మాయమయ్యాడు. కామేశ్వరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుని, మందు రెట్టింపు నూరింది. ప్రభుదాసు మాత్రం రాలేదు.

అరవయ్యో రోజు వచ్చింది.

అధికారి పొద్దున ఎనిమిదింటికి వస్తాడని కబురు. మాస్టారు నాంచారయ్యని తెల్లారకముందే పూలమార్కెట్టుకి పంపాడు, దండ తెమ్మని. "ఇరవై ఎనిమిది ఇన్‌స్పెక్షన్లు చేయించుకున్నవాణ్ణి నాంచారయ్యా. మిగతాది నాకొదిలెయ్" అన్నాడు. 'నాకొదిలెయ్' అన్న మాట నాంచారయ్యకి అచ్చిరాదని ఆయనకి తెలీదు.

నాంచారయ్య దండ పట్టుకుని తిరిగొచ్చేసరికి పార్కు గుర్తుపట్టలేకపోయాడు. ఒక్క ఆకు లేదు. అన్నీ గోతాల్లో కుక్కి గోడవారన పెట్టారు. చెట్ల మొదళ్లకి సున్నం, మధ్యలో ఎర్రమట్టి పట్టీలు. కుక్కల్ని కర్రలతో తోలేశారు. కప్పల గుంట మీద తడిక పరిచి, దాని మీద ముగ్గు పెట్టారు. కాకులు పోవాలని టపాకాయలు కాల్చారు. జనాన్ని రోడ్డుకి అవతల వరసగా నిలబెట్టి గేటుకి తాళం వేశారు.

"అయ్యగారు చూసి వెళ్లేదాకా ఒక్క పురుగు లోపలుండటానికి వీల్లేదు!" అంటున్నాడు మాస్టారు. ముప్ఫై అయిదేళ్లు బడి నడిపిన గొంతు. ఎదురు చెప్పడం ఆ కాలనీలో ఎవరికీ అలవాటు లేదు. సగం మంది ఆయన దగ్గరే చదువుకున్నారు.

అధికారి వచ్చాడు. లావుపాటి మనిషి, బిగుతు బూట్లు. తాళం తీయించుకుని, సిమెంటు బాట మీదనే నడిచి డబ్బా ముందు నిలబడ్డాడు. మాస్టారు, సంఘం వాళ్లు కూడా గడ్డి తొక్కకుండా సిమెంటు మీదే నిలబడ్డారు, మర్యాదకి. నాంచారయ్య ఒక్కడే మట్టిలో ఉన్నాడు.

"ప్రస్తుతం ఎంతమంది?" అన్నాడు అధికారి.

"ఒకరు" అంది డబ్బా.

అధికారి రాసుకున్నాడు. మాస్టారు ఎత్తిన దండ దించాడు. "అదేంటండీ! అంత శుభ్రంగా పెడితే..."

"శుభ్రంగానే ఉంది. అసలేమీ లేదు" అన్నాడు అధికారి. "ఎలాగూ సాయంత్రం ఆరు దాకా టైముంది రూలు ప్రకారం. ఒక కుర్చీ వేయించండి."

నాంచారయ్య వచ్చి మాస్టారి ముందు చెయ్యి చాపాడు. మాస్టారు తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. చిన్నపిల్లవాడు దొంగిలించిన బలపం తిరిగిచ్చినట్టు ఇచ్చాడు. నాంచారయ్య రెండు రెక్కలూ బార్లా తీశాడు. గోతాలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి చెట్ల కింద ఆకులన్నీ తిరగబోశాడు. తడిక తీసి అవతల పారేశాడు. తరవాత రోడ్డు వైపు తిరిగి, చెయ్యెత్తి, "రండి" అన్నాడు.

వచ్చారు. ఆకుల కింద పురుగుల కోసం గోరింకలు వచ్చాయి. పదకొండింటికి కాకులొచ్చాయి, ఖాజాతో పాటే. మధ్యాన్నం ఆటో తోలేవాళ్లు నీడకొచ్చారు. అధికారి రెండింటి దాకా కుర్చీలో ఓర్చుకుని, బూట్లు విప్పి, నేరేడు చెట్టు కింద తువ్వాలు పరుచుకుని ఒరిగాడు. నాలుగింటికి, జోళ్లతో, గడ్డం గీసుకుని, ప్రభుదాసు వచ్చి మూడో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన సునంద కూర్చుంది. నాంచారయ్య కుండలో నీళ్లు మార్చాడు.

ఆరయింది. అధికారి మొహం కడుక్కుని కాగితాలు తీశాడు.

"మూడొందల నలభై రెండు" అంది డబ్బా.

కేకలు మిన్నుముట్టాయి. అధికారి చెయ్యెత్తాడు. "ఎవరెవరు?"

"మనోళ్లే."

"పేర్లు, వివరాలు కావాలి. పొద్దున ఒకటి, సాయంత్రం మూడొందల నలభై రెండు అంటే ఎవరు నమ్ముతారు? ఇది అందరి సంగతులూ విప్పి చెబుతుందని విన్నానే?"

డబ్బా పలకలేదు. ఇందుమతి నాంచారయ్య చెవిలో అంది: "మీరు చెప్పమంటే చెబుతుందండీ. మీ మాటే వింటుంది."

"చెప్పమనవయ్యా! పార్కు పోతుంది!" అన్నాడు మాస్టారు.

నాంచారయ్య మూడో బెంచీ వైపు చూశాడు. ప్రభుదాసు చేతులు మోకాళ్ల మధ్య బిగించుకుని నేల చూస్తున్నాడు. పార్కు లేకపోతే నాంచారయ్యకి బతుకు లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, డబ్బాకీ తెలుసు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అధికారి కలం మూత పెట్టబోయాడు. అప్పుడు మాస్టారు చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు.

"రాసుకోండి. పిచ్చేశ్వరరావు, రిటైర్డు హెడ్మాస్టరు. రెండు రౌండ్లు. పునుగులు ఎనిమిది."

"ఎనిమిదా!" అంది కామేశ్వరమ్మ. తరవాత ఆమే ముందుకొచ్చింది. "కామేశ్వరమ్మ. ఆయన పునుగులు తింటారో లేదోనని పొద చాటునుంచి చూడ్డానికొస్తాను. రోజూ."

కంచెకి ఇటునుంచి భ్రమరాంబగారు, అటునుంచి కోడలు ఒకేసారి లేచారు. "నేను గుడికి పోవట్లేదు, రాసుకోండి." "నేను టైలరు దగ్గరికి పోవట్లేదు, రాసుకోండి." ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తరవాత వరస కట్టారు. మాస్టారు పక్కన నిలబడి హాజరు పిలిచినట్టు పిలిచాడు. మధ్యలో ప్రభుదాసు లేచాడు.

"ప్రభుదాసు. ఉద్యోగం పోయింది. ఇంట్లో ఉండలేక ఇక్కడికొస్తున్నా. రాసుకోండి సార్."

"సునంద" అంది పక్కనున్నావిడ. "ఇయ్యాల్నుంచి నేనూ వస్తా. క్యారేజీ పెద్దది తెస్తా."

చివరకి నూట ఎనభై ఎనిమిది మంది తేలారు.

"ఇంకా నూట పన్నెండు కావాలి" అన్నాడు అధికారి. "మిగతావన్నీ నోరు లేనివి. వాటి తరఫున ఎవరు చెబుతారు?"

అందరూ సీతారావమ్మ వైపు చూశారు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు మనుషుల సంగతులే తెలుసు" అంది.

నాంచారయ్య తలగుడ్డ విప్పాడు. మళ్లీ కట్టుకున్నాడు. దగ్గాడు.

"కాకులు ఇరవై ఆరు" అన్నాడు. "అందులో ఒకటి ఒంటికాలిది. అది మాస్టారి దగ్గరే తింటుంది, వేరేవాళ్లు పెడితే ముట్టదు. గోరింకలు ముప్ఫై ఒకటి. ఉడతలు పంతొమ్మిది, ఒకదానికి తోక సగమే, వరదలో గేటు సందున పడింది, నేనే తీశా. కప్పలు పద్నాలుగు. పొద్దున ముగ్గు కింద మెదలకుండా నీళ్లలోనే ఉండిపోయి అవి ఎంత బాధపడ్డాయో. తొండలు తొమ్మిది. ముంగిస, దాని పెళ్లాం, పిల్లలు రెండు, నాలుగు. ఎలకల్ని అవే పడతాయి, అందుకే మీ ఇళ్లల్లోకి రావట్లా. కుక్కలు మూడు. పిల్లి ఒకటి. అది భ్రమరాంబగారి పిల్లి, ఆమెకి తెలీకుండా వస్తుంది."

"అమ్మ దొంగముండా!" అంది భ్రమరాంబ.

"పైడికంటెలు అయిదు."

"అవేంటి?" అన్నాడు అధికారి.

నాంచారయ్య నేరేడు చెట్టు తొర్ర వైపు చెయ్యి చూపించాడు. అయిదు గుడ్లగూబ తలకాయలు, గుప్పెడేసి ఉన్నాయి, వరసగా అధికారినే చూస్తున్నాయి. మధ్యాన్నం ఆయన గురక పెట్టింది వాటి కిందే. అధికారి చూపు తిప్పుకున్నాడు.

"సరిపోయింది. మూడొందలు" అన్నాడు.

కానీ ముప్ఫై ఏళ్ల మూత తీశాక మళ్లీ పెట్టడం నాంచారయ్యకి రాలేదు. "అయిపోలా. ఇంకో నలభై రెండున్నాయి. తేనెపిట్టలు, జెముడుకాకి జంట, తాబేలు ఒకటి. తరవాత చీమలు. ఎర్రవి మూడు పుట్టలు, నల్లవి..."

"వద్దు పెద్దాయనా! చీమలు వద్దు!" అధికారి సంతకం గీకేసి, మాస్టారి చేతిలోని దండ తానే మెడలో వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, గడ్డి మీద నుంచే నడిచి పోయాడు.

సీతారావమ్మ అందరికీ చెబుతూనే ఉంది: "ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం. నాతో ఇన్ని మాటలు ఆడితే ఒట్టు. కప్పల మీద ఉన్న ప్రేమలో పావొంతు..." మధ్యలో ఆపేసింది. ఆయన వెనకే ఇంటికి నడుస్తూ దారిపొడుగునా మరో మాట అనలేదు. నాంచారయ్యకి అది అలవాటు లేక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు పొద్దున్నే నాంచారయ్య మూడో బెంచీ తుడిచాడు. కుండలో నీళ్లు పోశాడు. తొమ్మిదయ్యాక డబ్బా "అందరూ ఉన్నారు" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. తరవాత గేటుకున్న తాళంకప్పా, తాళంచెవీ తీసుకుని, బుడమేరు గట్టుదాకా నడిచివెళ్లి, రెండింటినీ నీళ్లలో పారేసి వచ్చాడు.